ఇంటి ఫొటోలకు ప్రింటరు: విజయనగరమునుండి ఉద్దానమువఱకు

మా ఉత్తరపు జిల్లాలలో ఇల్లు విడిచి దూరమున నుండువారు లేని కుటుంబము అరుదు. ఒకరు సైన్యములో నుందురు. ఒకరు గల్ఫుదేశములలో నుందురు. మఱియొకరు చెన్నపట్టణముననో హైదరాబాదుననో పనిచేయుచుందురు. ఇంటిలో మిగిలిన తల్లికి గోడమీది పటమే వారి ముఖదర్శనము. చేతిఫోనులలో వేలకొలది బొమ్మలున్న మాట నిజమే. కాని ఆ ఫోను నేలబడి పగిలిననాడు ఆ వేలలో మనకు దక్కునవి యెన్ని? కావుననే కాగితముమీది ఫొటోకు నేటికిని విలువ తగ్గలేదు.

మా పెద్దమ్మ సోంపేటకు దగ్గఱనున్న ఒక ఉద్దానపు గ్రామమున నున్నది. 2018వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాసవద్ద తీరము దాటినపుడు ఆమె యింటి పెంకులు లేచిపోయినవి. పెట్టెలోని పెండ్లిపటములును, గోడమీది పెదనాన్నగారి పటమును తడిసి ముద్దయైనవి. పటము గాజుపలకకు అంటుకొనిపోగా, విడదీయబోయిన మాచేతికి రంగుపొర యూడివచ్చెను. పెదనాన్నగారు అప్పటికే గతించిరి. ఆయన ఫొటో మఱియొకటి లేదు. మా అదృష్టవశమున, అంతకు కొన్నేండ్లముందు ఒక పెండ్లికి పోయిన మా తమ్ముడు గోడమీదనున్న ఆ పటమును తన ఫోనుతో తీసియుంచెను.

గడచిన మార్గశిరమున పెద్దమ్మ ఫోనుచేసి, "బేగి తెచ్చియ్యే తల్లీ. ఈపాలి నీల్లు తగిల్నా పోకండా సూడు" అనెను. ఆ దినములలోనే మేము విజయనగరమున మా యింటికి ఒక ప్రింటరు కొనవలెనని తలపెట్టియుంటిమి. సరే, ఆ ప్రింటరుతోనే పెదనాన్నగారి పటమును ముద్రించి తీసికొనిపోవుదమని నేననుకొంటిని. పని యంత సులభము కాదని మొదటి యంగడిలోనే తెలిసినది.

విజయనగరములో గంటస్తంభమునుండి మూడులాంతరులవఱకు నడచినచో ఊరంతయు చూచినట్లే. పైడితల్లి యమ్మవారి గుడి, బట్టలకొట్లు, పూలబుట్టలు, వానిప్రక్కన స్టూడియోలు, కంప్యూటరు దుకాణములు. దసరా వెళ్ళిన మంగళవారము సిరిమానోత్సవమునాడు ఈ వీథులలో కాలుపెట్ట చోటుండదు. ఆ దినమున తీసిన ఫొటో లేని యిల్లు మా యూర నుండదేమో! నేను ప్రవేశించిన దుకాణములో ఒక యువకుడు యంత్రమును నడిపి మాదిరిబొమ్మ నొకదానిని తీసి చూపెను. అందొక రామచిలుక. ఎఱ్ఱని ముక్కు, పచ్చని ఱెక్కలు, కన్నులు చెదరు మెఱుగు. "ఎంత బాగున్నదో చూడండి, అమ్మా!" అనెను. బాగుగనే యున్నది. కాని మనయిండ్లలో చిలుకలఫొటోలు ముద్రించుకొనువా రెవరు? మనకు కావలసినది దీపపువెలుగున తీసిన అమ్మమ్మగారి చామనచాయ ముఖము, నీడలో నిలిచిన పిల్లవాని చిఱునవ్వు. చర్మపుచాయ సరిగా రాని యంత్రము చిలుకను ఎంత చక్కగా తీసినను మనకు పనికిరాదు. కావున సోదరీమణులారా, దుకాణమునకు పోవునపుడు మీ యింటి ఫొటో నొకదానిని, అందును కొంచెము చీకటిగా నున్నదానిని, వెంట తీసికొనిపోయి దానినే ముద్రించి చూపుమనుడు.

"నెలకు ఎన్ని ఫొటోలు తీయుదురు?" అని ఆ యువకుడు నన్నడుగలేదు. నేనును ఎనిమిదేండ్లక్రిందట ఈ ప్రశ్న వేసికొనక, చవుకగా వచ్చినదని కార్ట్‌రిడ్జి యంత్రము నొకదానిని కొంటిని. పండుగకు పండుగకు మాత్రమే దానిని తెఱచెడివారము. తెఱచినప్పుడెల్ల గీతలు గీతలుగా వచ్చును. శుభ్రపఱచుమని మీట నొక్కినచో సిరా యంతయు ఆ శుభ్రతకే ఖర్చగును. ఏడాదిలో ముద్రించిన ఫొటోలు ఇరువదియైన లేవు. కొన్న కార్ట్‌రిడ్జిలు మూడు. తప్పు యంత్రముది కాదు. వాడుక తెలియని నాది.

దానికి కారణము తెలియవలెనన్న ఈ యంత్రము పనిచేయు తీరు కొంచెము తెలిసికొనవలెను. ఇంక్‌జెట్ ప్రింటరనగా సిరాచుక్కలను కాగితముమీదికి చిమ్ము యంత్రము. దాని తలలో వెండ్రుకకన్న సన్నని రంధ్రములు వందలకొలది యుండును. కొన్ని సంస్థల యంత్రములలో సిరాను క్షణకాలము వేడిచేసి, పుట్టిన బుడగచేత చుక్కను బయటికి త్రోయుదురు. 1977లో జపానుదేశమున కానన్ సంస్థలో, కాలుచున్న సోల్డరింగు ఇనుము సిరా నింపిన పిచికారిసూదికి తగులగా కొననుండి సిరా చిమ్మెననియు, ఈ పద్ధతికి అదియే మూలమనియు చెప్పుదురు. హెచ్.పి. వారు 1984లో థింక్‌జెట్ అను యంత్రమును ఇట్టి పద్ధతిమీదనే అమ్మకమునకు తెచ్చిరి. ఎప్సన్ వారు వేడి లేకుండ, విద్యుత్తు తగిలినపుడు వంగు చిన్న పలుకులచేత సిరాను నెట్టు పద్ధతి నవలంబించిరి. పద్ధతి యేదైనను, వాడక యుంచిన కలముపాళీలో సిరా ఎండినట్లే ఈ రంధ్రములలోను ఎండును. కావున ఇంటి ప్రింటరును ఎంచుకొనుటలో మొదటి ప్రశ్న బొమ్మ యెంత యందముగా వచ్చుననునది కాదు. ఎన్నిదినముల కొకసారి ముద్రింతుమనునది.

నేటి యంగళ్ళలో ఇంటివారికి దొరకు యంత్రములు ముఖ్యముగా మూడుతెగలు. మొదటిది కార్ట్‌రిడ్జిది, కొనునపుడు చవుక, సిరా ప్రియము. రెండవది సిరాతొట్టిది, కొనునపుడు ప్రియము, తరువాత సీసాలతో నింపుకొనుటచేత సిరా చవుక. ఇందులో నాలుగురంగులవి పాఠముల కాగితములకును సామాన్యపు ఫొటోలకును చాలును. ఆఱురంగులవి ఫొటోలకొఱకే చేసినవి. ఎప్సన్ వారి ఎల్ 8050, కానన్ వారి జి 570, జి 670 ఇట్టివి. వీనిలో జి 670కి మాత్రము పాతపటములను ఎక్కించుకొను స్కానరుకూడ కలదు. మూడవతెగలో సిరాయే లేదు. కానన్ సెల్ఫీ అను చిన్న పెట్టెవంటి యంత్రములో రంగుపూసిన పొరను వేడిచేసి పసుపు, గులాబి, నీలము వరుసగా కాగితమున కెక్కించి, చివర పైన పారదర్శకమైన పొర నొకదానిని కప్పును. ఇందు ఎండుటకు సిరా లేదు గావున ఆఱునెలలు మూతవేసి యుంచినను చెడదు. కాని పోస్టుకార్డు పరిమాణమును మించి తీయదు.

ఈ వివరములన్నియు కాగితముమీద వ్రాసికొని మఱునాటి యుదయమున రైలెక్కితిని. నెల్లిమర్ల, చీపురుపల్లి దాటి పొందూరు వచ్చెను. వలుగచేప దవడతో దూదిని ఏకి, నూఱవ నంబరు సన్ననూలు చేతితో వడకు ఊరిది. పట్టెలోనికి ఎక్కిన ఒక నేతయింటి ముసలమ్మ మూటలోని పంచెను చూపుచు, "కట్టేవోడు ఎవుడో సెప్తే గాని ఏ నూలో నాను సెప్పలేనమ్మా" అనెను. నాకు దుకాణములోని రామచిలుక జ్ఞాపకము వచ్చెను. వాడువా రెవరో తెలియక సరకు నెంచుట తగదని ఆమె నే నడుగకుండగనే చెప్పినది.

ఆముదాలవలసలో దిగి శ్రీకాకుళము చేరితిని. అచట అరసవల్లి దారిలో నా స్నేహితురాలు, పాఠశాలలో ఉపాధ్యాయిని, కాపురమున్నది. ఆమె యింట ఆఱురంగుల తొట్టియంత్రము మూడేండ్లనుండి నడుచుచున్నది. పాఠశాల వార్షికోత్సవములు, చుట్టుప్రక్కలవారి సీమంతములు, బారసాలలు అన్నియు ఆమెయే ముద్రించి యిచ్చును. నెలకు ఎనుబదికి తగ్గవట. యంత్ర మొక్కనాడును మొరాయించలేదు. పని లేని వారమున శుక్రవారము దీపము పెట్టిన తరువాత అన్ని రంగులు గల చిన్న బొమ్మ నొకదానిని తప్పక తీయును. యంత్రమును ఆర్పునపుడు గోడమీట నొక్కదు. యంత్రమునకున్న మీటనే నొక్కును. అట్లు చేసిన గాని తల తన స్థానమునకు పోయి మూత వేసికొనదట. ముద్రణ మధ్యలో కరెంటు పోయినచో తల మూత లేకయే నిలిచిపోవును. మఱల వచ్చిన వెంటనే వెలిగించి, క్రమముగా ఆర్పవలెను. కరెంటు తఱచుగా పోవు మన పల్లెలవారు ఇది మఱువరాదు.

ఆమె ముందుగదిలో ఒకే కుటుంబపు ఫొటో రెండుచోట్ల నున్నది. తూర్పుకిటికీ కెదురుగా నున్నదానిలో చీరెల ఎఱుపు వెలసి గులాబియైనది; ముఖములు పాలిపోయినవి. లోపలిగోడనున్నది నిన్న తీసినట్లున్నది. "రెండును ఒకేనాడు తీసినవే. ఏటేట మార్చిలోను అక్టోబరులోను సూర్యకిరణములు అరసవల్లి స్వామి పాదములు తాకునని చూడబోవుదుము. ఆ కిరణములే నా ఫొటోను తిన్నవి" అని నవ్వెను. సముద్రపుగాలికి కాగితములు మెత్తబడునని, ఫొటో కాగితపు కట్టను తీసినవెంటనే మఱల మూటకట్టి బీరువాలో పెట్టును. ముద్రించిన ఫొటోను ఒకదినము గాలికి ఆఱనిచ్చి గాని చట్రమున బిగింపదు. లేనిచో తడి గాజుపలకకు ఆవిరిగా పట్టును.

సాయంకాలము ఇద్దరము శ్రీకూర్మము పోయితిమి. కూర్మనాథస్వామి దర్శనమైన పిదప మంటపపుగోడలమీది చిత్రములను చూచుచు నిలిచితిమి. పూర్వులు ప్రకృతిసిద్ధమైన రంగులతో వేసినవి. కొన్ని చెదరినవి, కొన్ని నేటికిని స్పష్టముగా నున్నవి. రంగు నిలుచుట నిలువకపోవుటలను గూర్చి మన స్త్రీలకు వేఱుగ చెప్పనక్కఱలేదు. పసుపునీట ముంచిన బట్టను నాలుగెండలలో ఆఱవేసినచో వెలసిపోవును. గోడకు పూసిన జాజు ఎండకు అంత త్వరగా వెలయదు, అది మట్టిరంగు. సిరాలలోను ఈ రెండుజాతులున్నవి. డై సిరా పసుపునీటివంటిది: నీటిలో పూర్తిగా కరగి కాగితములోనికి ఇంకును, మెఱుగు హెచ్చు, కాని యెండకు, నీటికి ఓర్వదు. పిగ్మెంటు సిరా జాజువంటిది: సూక్ష్మమైన రంగుపొడి కాగితముపైన నిలుచును, ఎక్కువకాల ముండును. ఇంటివారు కొను ఫొటోప్రింటరులలో పెక్కింటి సిరా డై జాతిదే. పూర్తిగా పిగ్మెంటుతో నడుచు ఫొటోయంత్రములు వృత్తివారివి, వెల హెచ్చు. "మరి మీ పెద్దమ్మకు ఏమి చెప్పుదువు?" అని నా స్నేహితురా లడిగెను. నాయొద్ద సమాధానము లేదు.

ఆ రాత్రి ఆమె యింటిలోనే పరీక్ష చేసితిమి. పెదనాన్నగారి పటమును పోస్టుకార్డు పరిమాణమున తీసి, ఆఱిన తరువాత ఒక మూల నీటిచుక్క వేసితిమి. తుడిచినచోట చాయ మాఱినది. సాదాకాగితముమీద తీసినది యలుక్కుపోయినది. స్టూడియోలో తీయించిన పాతఫొటోమీద చుక్క వేసి తుడువగా మచ్చ పడలేదు. దాని రంగులు వెలుతురుచేతను రసాయనములచేతను కాగితముపైనున్న జెలాటిన్ పొరలోపలనే ఏర్పడును. అట్లని అదియు వజ్రము కాదు. గంటలకొలది నానినచో ఆ పొర మెత్తబడి ప్రక్కదానికి అంటుకొనును. తిత్లీనాడు పెద్దమ్మ యింట జరిగినది అదియే కదా!

మఱియొక చిక్కుకూడ బయటపడెను. మాయొద్దనున్న బొమ్మ వాట్సాప్‌లో వచ్చినది గావున కుదించబడి, ముఖము మసకగా వచ్చెను. నాలుగంగుళముల వెడల్పు, ఆఱంగుళముల పొడవు గల ఫొటో చక్కగా రావలెనన్న అంగుళమునకు 300 చొప్పున 1200 పెట్టు 1800 చుక్కలుండవలెను. తమ్మునికి ఫోనుచేసి, అసలుబొమ్మను డాక్యుమెంటుగా పంపుమంటిని. అట్లు పంపినచో కుదింపు జరుగదు. అది వచ్చిన పిదప పెదనాన్నగారి కనుబొమలలోని తెల్లవెండ్రుకలుకూడ కనబడినవి. ఎంత వెలగల యంత్రమైనను లేని చుక్కలను తేలేదు.

మఱునాడు బస్సులో బయలుదేరితిని. మడపామువద్ద వంశధార దాటి, నరసన్నపేట, టెక్కలి, పలాస మీదుగా ఉద్దానము ప్రవేశించితిమి. టెక్కలి ప్రాంతమున తేలినీలాపురమునకు ఆ ఋతువులో వచ్చు కొంగలు, గూడబాతులు పొలములలో దిగుచుండెను. ఉద్దానమనగా కొబ్బరి, జీడిమామిడి, పనస కలిసిన తోటసీమ. తుపానుగాలి గంటకు 140 మొదలు 150 కిలోమీటర్ల వేగమున వీచిననాడు ఆ తోటలు నేలకూలినవి. ఇపుడు క్రొత్తచెట్లు పెరుగుచున్నవి గాని, నడుమనడుమ మొండెములు నేటికిని నిలిచియున్నవి.

పెద్దమ్మ పటమును చేతికి తీసికొని చాలసేపు పలుకలేదు. చీరెచెఱగుతో తుడువబోగా నేను చేయి పట్టుకొంటిని. "ఏటే, తుడిస్తే పోతాదా?" అనెను. పోవునని నిజము చెప్పితిని. "మరెందుకే అంత దూరాన్నించి మోసుకొచ్చినావు?" అని ఆమె యడిగిన ప్రశ్నకు బస్సులో వచ్చుచు నేను కూర్చుకొన్న సమాధానమును చెప్పితిని: "నీటికి పోని పటము నాకు దొరకలేదు, పెద్దమ్మా. అందుచేత ఒక్క పటము చేయించను. నీ యింట ఒకటి, మా యింట ఒకటి, తమ్ముని యింట ఒకటి ఉండును. అసలుబొమ్మ మూడుచోట్ల దాచితిమి. తుపాను మూడిండ్లకు ఒక్కసారి రాదు కదా!" ఆమె కొంచె మాలోచించి, "ఇత్తనాలు దాసినట్టన్నమాట" అనెను. మూడుదినములు తిరిగి నేను నేర్చినదానిని ఆమె ఒక్కమాటలో తేల్చినది.

తిరిగి వచ్చిన పిదప నేను చేసిన లెక్కను మీకును చెప్పుదును. యంత్రపు వెల 20,000 రూపాయలనుకొందము. నెలకు పది ఫొటోలు తీయు యింట అయిదేండ్లకు 600 ఫొటోలగును. కాగితము, సిరా విడిచి యంత్రపుభాగమే ఒక్కొక్కదానికి 33 రూపాయలు పడును. నెలకు నూఱు తీయు యింట 6,000 ఫొటోలగును. అపుడు మూడు రూపాయల చిల్లర మాత్రమే. కావున నా స్నేహితురాలికి ఆఱురంగుల యంత్రము తగినది. పెద్దమ్మవంటి యింటికి ఏ యంత్రమును తగదు, స్టూడియోయే మేలు. అప్పుడప్పుడు పదేసి ఫొటోలు కావలసి, ఇంటిలోనే తీసికొనవలెనను ముచ్చటగలవారికి సిరాలేని చిన్న పెట్టె సరిపడును. మా యింట పిల్లల పాఠపుకాగితములు వారమునకు రెండుసారులైన ముద్రింపవలసియుండును గావున, స్కానరుగల నాలుగురంగుల తొట్టియంత్రమును కొంటిమి. రోజువాడుకచే రంధ్రములు ఎండవు. బారసాలఫొటోలు ఆల్బమునకు చాలునంత బాగుగ వచ్చుచున్నవి. కొనుటకు ముందు ఒక్కమాట యడుగుడు: తల పాడైనచో మనమే మార్చుకొనవచ్చునా, మరమ్మతువాని చేతికీయవలెనా? వ్యర్థపుసిరా చేరు మెత్త నిండినపుడు ఏమిచేయవలెను? ఈ పనిచేయువారు మన యూర నున్నారా? శ్రీకాకుళమునకో విశాఖపట్టణమునకో మోయవలసినచో అదియు వెలలో చేర్చి చూచుకొనుడు.

గోడకు కట్టు పెద్దపటములను మాత్రము మేము స్టూడియోలోనే తీయించుచున్నాము. చట్రములో పటమునకును గాజుపలకకును నడుమ అట్టయంచు పెట్టించి, ఎండ తగులని గోడకు తగిలించితిమి.

ఇక తుపాను వచ్చినపుడు చేయవలసినదికూడ చెప్పి ముగింతును. స్టూడియో ఫొటోలు తడిసి యొకదానికొకటి అంటుకొన్నచో ఎండనీయక, శుభ్రమైన చల్లని నీట నుంచి, మెల్లగా వానియంతట విడివడనిచ్చి, ముఖము పైకుండునట్లు నీడలో ఆఱబెట్టవలెను. ఆనాడు మేము ఎండిన తరువాత లాగితిమి, అందుచేతనే పోగొట్టుకొంటిమి. ఇంటి ఇంక్‌జెట్ ఫొటోలను మాత్రము నీట ముంచరాదు; విడివిడిగా పఱచి తాకక ఆఱనీయవలెను.

సంక్రాంతికి పెద్దమ్మ యింటికి మఱల పోయితిని. పెదనాన్నగారి స్టూడియోపటము లోపలిగోడమీద, దేవునిగూటి ప్రక్కన నున్నది. నేను మొదట తెచ్చిన పోస్టుకార్డు ఫొటో ఆమె బియ్యపుడబ్బా మూతలో, పాలిథీన్ సంచిలో కనబడెను. "ఆ గోడది అందరికీ, ఇది నాకు" అనెను. దాని మూలనున్న నీటిమచ్చ అట్లే యున్నది.